దుర్మార్గుడు చస్తే హల్లెలూయా అనొచ్చా?

2019 డిసెంబర్ 6, శుక్రవారం. తెల్లవారుతుండగానే షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అంతకు తొమ్మిది రోజుల ముందు శంషాబాద్ తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం చేసి, చంపి, శవాన్ని ఇదే చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారన్నది వాళ్ళ మీద కేసు. పొద్దెక్కేసరికి హైవే జనంతో నిండిపోయింది. వంతెన మీద నుంచి పోలీసుల మీద గులాబీ రేకులు కురిశాయి. టపాకాయలు పేలాయి. స్వీట్లు పంచుకున్నారు. హతురాలి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పోలీసుల చేతికి రాఖీలు కట్టారు.

ఆ సంతోషాన్ని దూరం నుంచి చూసి ఛీ అనడం తేలిక. కానీ దాని అడుగున ఉన్నది భయం. ఆ తొమ్మిది రోజులూ డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదింటికి స్కూటీ మీద ఇంటికొచ్చే ప్రతి అమ్మాయి ఇంట్లోనూ టెన్షనే. ఆ భయం పోయిందన్న ఊపిరీ, నలుగురు మనుషులు చచ్చారన్న సంబరమూ ఆ రోజు ఒకే టపాకాయలో పేలాయి. వాటిని విడదీయడం కష్టం. క్రైస్తవుడి పని మాత్రం అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే అది డిసెంబర్. చర్చిల మీద స్టార్లు వేలాడే నెల. రెండు రోజుల తర్వాత వచ్చిన ఆదివారం, క్రిస్మస్‌కి ముందుండే ఆగమన కాలంలో రెండో ఆదివారం. సమాధానకర్త, అంటే శాంతినిచ్చే యేసు, పుట్టబోతున్నాడని పాడుకునే రోజుల్లో ఈ వార్తను ఏం చేసుకోవాలి? దుర్మార్గుడు చనిపోతే విశ్వాసి సంతోషించాలా, ఏడవాలా, నోరు మూసుకోవాలా?

మన భాషలో ఇలాంటి చావుకు మాటలు చాలానే ఉన్నాయి. పీడ విరగడైంది అంటాం. శని వదిలింది అంటాం. పాపం పండింది అంటాం. దేవుడున్నాడు అంటాం. నాలుగూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. పీడ విరగడైంది అన్నవాడు తన నెత్తిమీద బరువు దిగిన సంగతి చెబుతున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పాపం పండింది అన్నవాడు మాత్రం తీర్పు చెబుతున్నాడు. దేవుడున్నాడు అన్నవాడు ఇంకో అడుగు ముందుకేసి ఆ తీర్పు కింద దేవుడి సంతకం పెట్టేస్తున్నాడు. మరి తొమ్మిది రోజుల కిందట ఆ అమ్మాయి చనిపోయిన రాత్రి దేవుడు లేడా? లూకా సువార్త 13వ అధ్యాయంలో జనం యేసు దగ్గరికి ఇలాంటి వార్తే తెస్తారు. రోమా గవర్నరు పిలాతు కొందరు గలిలయుల్ని బలి ఇస్తుండగానే చంపించాడని. ఆయన దానికి తోడు సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మందిని కూడా గుర్తుచేసి, వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని తిరిగి అడుగుతాడు. ఒకడి చావును చూసి వాడి పాపం బరువు తూచే త్రాసును ఆయన వాళ్ళ చేతిలోంచి లాగేసుకుంటాడు.

బైబిల్ ఈ విషయంలో ఒకే మాట చెబుతుందనుకుంటే పొరపాటు. సామెతల గ్రంథం తెరిస్తే 11:10లో 'భక్తిహీనులు నశించునప్పుడు ఉత్సాహధ్వని పుట్టును' అని ఉంటుంది. అదే గ్రంథం 24:17లో 'నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము' అని ఉంటుంది. వాక్యాన్ని అటూ ఇటూ విసురుకునే వాళ్ళకి రెండూ పనికొస్తాయి. నిదానంగా చదివితే తేడా కనిపిస్తుంది. మొదటిది పట్టణం సంగతి. ఒక ఊరిని పీడించినవాడు పోతే ఆ ఊరు ఊపిరి పీల్చుకుంటుందని ఉన్నది ఉన్నట్టు చెబుతోంది, అలా చేయమని చెప్పడం లేదు. రెండోది నీ సంగతి, 'నీ' శత్రువు సంగతి. అక్కడ ఆజ్ఞ ఉంది. దాని తర్వాతి వచనం ఇంకా వింతగా ఉంటుంది: నువ్వు సంతోషిస్తే యెహోవా చూసి అసహ్యించుకుని, వాడి మీద కోపం తీసేసుకుంటాడేమో అంటుంది. అంటే నీ సంబరం వల్ల నీ శత్రువుకే లాభం. సొలొమోను లౌక్యం ఎక్కడా తగ్గలేదు.

పాటలూ ఉన్నాయి. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడుతున్న ఇశ్రాయేలీయుల్ని తరిమిన ఫరో సైన్యం ఎర్రసముద్రంలో మునిగాక మిర్యాము తంబుర పట్టుకుని ఆడవాళ్ళందరితో కలిసి నాట్యం చేసింది. 'గుఱ్ఱమును దాని రౌతును ఆయన సముద్రములో పడద్రోసెను' అని పాడింది. దాన్ని తప్పని ఏ ప్రవక్తా అనలేదు. కానీ ఆ పాట ఎవరి నోట వచ్చిందో చూడాలి. తరాల తరబడి ఇటుకలు చేసినవాళ్ళు, మగపిల్లల్ని నైలు నదిలో పారేయమన్న ఆజ్ఞ కింద బతికినవాళ్ళు, ఇంకా ఉప్పునీటి తడి ఆరకుండానే ఒడ్డున నిలబడి పాడిన పాట అది. టీవీ ముందు కూర్చుని పాడింది కాదు. అలాంటి పాట విషయంలోనూ యూదుల ధర్మగ్రంథమైన తల్మూదులో రబ్బీలు, అంటే వాళ్ళ మతగురువులు, ఒక కథ చెప్పుకున్నారు: ఆ రాత్రి దేవదూతలు కూడా పాడబోతే దేవుడు ఆపి, నా చేతులతో చేసినవాళ్ళు సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాడతారా అన్నాడట. రబ్బీలు మిర్యామును ఆపలేదు, దేవదూతల్ని ఆపారు. దెబ్బ తిన్నవాళ్ళు పాడితే అది విడుదల. దెబ్బ తగలనివాళ్ళు పాడితే అది వినోదం. ఈ వ్యాసం పట్టుకు వేలాడుతున్న తేడా చాలావరకు ఇదే.

ఇక హల్లెలూయా, అంటే దేవుణ్ణి స్తుతించండి అన్న మాట. హైదరాబాద్ సంఘాల్లో ఒక్క ఆదివారం ఎన్నిసార్లు ఈ మాట వినబడుతుందో లెక్కపెట్టలేం. కొత్త నిబంధన మొత్తంలో మాత్రం అది ఒక్క చోటే ఉంది, ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలో నాలుగుసార్లు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, అది మొదట వచ్చేది బబులోను కూలిన సందర్భంలోనే. కాబట్టి క్రైస్తవుడు దేని పతనానికీ సంతోషించకూడదు అనడం కుదరదు. అయితే బబులోను ఒక మనిషి కాదు, ఒక మహానగరం, ఒక సామ్రాజ్యం. దాని సంతలో అమ్మే సరుకుల పట్టిక ముందు అధ్యాయంలో ఉంది: బంగారం, వెండి, రత్నాలు, పట్టుబట్టలు, ఏనుగు దంతం, ద్రాక్షారసం, గోధుమలు, పశువులు, గుర్రాలు, చిట్టచివర మనుషుల ప్రాణాలు. అలాంటి సంత మూతపడినందుకు పరలోకం హల్లెలూయా అంటుంది. పుస్తకం ఒక్కో దుర్మార్గుడి పేరు పెట్టి, వాడి శవం మీద పాడదు.

చరిత్రలో క్రైస్తవులు ఈ గీత దాటలేదా అంటే, బోలెడుసార్లు దాటారు. 4వ శతాబ్దం మొదట్లో లాక్టాన్షియస్ అనే రచయిత విశ్వాసుల్ని హింసించిన రోమా చక్రవర్తుల చావుల మీదే ఒక పుస్తకం రాశాడు. 311లో గలేరియస్ ఒళ్ళు కుళ్ళి చనిపోయిన తీరును అతను ఎంత ఇష్టంగా వర్ణించాడో చదివితే వాంతి వస్తుంది. అతని తోటివాళ్ళు ఆ చక్రవర్తుల చేతిలో చిత్రహింసలు పడ్డారన్నదీ నిజమే. దీనికి పక్కనే అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం పెట్టి చూడండి. యాకోబును చంపించిన హేరోదు పురుగులు పడి చచ్చాడని ఒక్క వాక్యం. ఆ వెంటనే, దేవుని వాక్యం వ్యాపించిందని ఇంకో వాక్యం. అంతే. కథకుడు శవం దగ్గర ఆగలేదు.

2011 మే నెలలో ఒసామా బిన్ లాడెన్‌ను చంపినప్పుడు అమెరికాలో వైట్‌హౌస్ ముందు జనం జెండాలు ఊపుతూ కేకలు వేశారు. వాటికన్ ప్రతినిధి ఫెదెరికో లొంబార్దీ ఇచ్చిన ప్రకటన చిన్నది. అతను ఎంతమంది చావుకు కారకుడో ముందు చెప్పి, ఆ తర్వాత, మనిషి చావు ముందు క్రైస్తవుడు ఎన్నడూ సంతోషించడని, దేవుడి ముందూ మనుషుల ముందూ ఒక్కొక్కరికీ ఉన్న బాధ్యతను తలపోసుకుంటాడని అన్నారు. ఆ వరస గమనించాలి. నేరాన్ని దాచలేదు, పలచన చేయలేదు. అది చెప్పాకే సంతోషించం అన్నారు.

అయినా ఎందుకు సంతోషించకూడదు? జాలి చూపించడం మర్యాద కాబట్టి కాదు. యెహెజ్కేలు 33:11లో దీనికి కారణం ఉంది: 'దుర్మార్గుడు మరణము నొందుటవలన నాకు సంతోషము లేదు'. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అసలు బరువు తర్వాతి ముక్కలో ఉంది, దుర్మార్గుడు తన దారి నుంచి మరలి బతికితేనే నాకు సంతోషం అంటాడు. మరలడం అన్నది బతికున్నవాడే చేయగలడు. చావుతో ఆ తలుపు మూసుకుపోతుంది. దుర్మార్గుడు పోయినందుకు కాదు, వాడు మారకుండా పోయినందుకు దేవుడికి బాధ. వాడు ఒప్పుకోవాల్సింది ఒప్పుకోలేదు. క్షమాపణ అడగాల్సిన వాళ్ళను అడగలేదు. చెప్పాల్సిన నిజం చెప్పలేదు. బాకీ తీర్చకుండా పోయినవాడిని చూసి అప్పిచ్చినవాడు పండగ చేసుకోడు కదా.

ఇది ఒట్టి వేదాంతం కాదు. చటాన్‌పల్లి విషయానికే వద్దాం. ఆ నలుగురి శవాలు గాంధీ ఆసుపత్రి మార్చురీలో దాదాపు రెండు వారాలు ఉన్నాయి. హైకోర్టు ఆదేశంతో డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండోసారి పోస్టుమార్టం చేశాకే ఇళ్ళకు చేరాయి. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. పూలు చల్లిన రోజు ఇవేవీ ఎవరికీ తెలియవు. ఆ కేసు కోర్టులో సాక్షుల ముందు నడవలేదు. ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరి పాత్ర తేలలేదు. హతురాలికి జరిగిన అన్యాయం ఒక తీర్పు రూపంలో రాసి పెట్టబడే అవకాశమే పోయింది. నిందితుల వైపు నుంచే కాదు, ఆ అమ్మాయి వైపు నుంచి చూసినా ఇది నష్టమే.

5వ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ ఈ మాటే ఒక అధికారికి ఉత్తరం రాసి చెప్పాడు. అక్కడ ఒక వర్గం వాళ్ళు అతని సంఘపు పాదిరీల్లో ఒకరిని చంపేశారు, ఇంకొకరి కన్ను పీకి, వేలు నరికారు. నేరం ఒప్పుకున్నారు కూడా. వాళ్ళు చేసినదే వాళ్ళకు చేయవద్దని, శిక్షించమని, కానీ ప్రాణాలు తీయకుండా, అవయవాలు నరకకుండా శిక్షించమని అగస్టీన్ ప్రాధేయపడ్డాడు. తన వాళ్ళ రక్తానికి బదులుగా రక్తం వద్దన్నాడు. వాళ్ళు పశ్చాత్తాపపడే అవకాశం మిగలాలన్నది అతని తాపత్రయం.

రాజ్యానికి ఖడ్గం ఉండకూడదా అంటే, అది వేరే వాదన. పగతీర్చుట నా పని అంటాడు ప్రభువు అని రోమా 12లో రాసిన పౌలే, కొన్ని వాక్యాల తర్వాత 13వ అధ్యాయంలో అధికారులు ఊరకయే ఖడ్గము ధరింపరు అంటాడు. మరణశిక్ష విషయంలో క్రైస్తవులు ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. ఉరిశిక్ష సమంజసమే అనేవాళ్ళు కూడా విచారణ లేని కాల్పుల్ని పౌలు ఖాతాలో వేయలేరు.

దీనికి రెండో వైపు కూడా ఒక గొయ్యి ఉంది, అందులో మనం ఎక్కువగా పడతాం. పోయినోళ్ళందరూ మంచోళ్ళే అన్న సామెత మనది. బతికున్నన్నాళ్ళూ బస్తీని వణికించిన రౌడీషీటర్ చనిపోతే చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ లేస్తుంది, అశ్రునివాళి అని. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడితే, బయటికి గరుకుగా కనిపించినా మనసు వెన్న అని సాక్ష్యాలు మొదలవుతాయి. వెనక బెంచీలో కూర్చున్న ఆమె భర్తను చంపించింది అతనే అయితే, ఆ సాక్ష్యం ఆమెకు రెండో హత్య.

దావీదు జీవితంలో ఈ చిక్కు బాగా కనిపిస్తుంది. తనను ఏళ్ళ తరబడి తరిమిన సౌలు రాజు యుద్ధంలో చనిపోయినప్పుడు దావీదు బట్టలు చింపుకుని ఏడ్చాడు, పాట కట్టాడు, ఈ వార్త గాతులో చెప్పవద్దన్నాడు, శత్రువులు సంబరపడతారని. ప్రసంగాల్లో ఈ సంగతి తరచూ వింటాం. తన మీద తిరుగుబాటు చేసిన కొడుకు అబ్షాలోము చచ్చినప్పటి సంగతి ఇంత తరచుగా వినం. దావీదు గుమ్మం పైనున్న గదికెక్కి నా కుమారుడా, నా కుమారుడా అని గట్టిగా ఏడుస్తుంటే, అతని కోసం ప్రాణాలకు తెగించి గెలిచిన సైనికులు ఓడిపోయినవాళ్ళలా తలవంచుకుని దొంగచాటుగా ఊళ్ళోకి వచ్చారు. సేనాపతి యోవాబు లోపలికెళ్ళి దులిపేశాడు. నిన్ను కాపాడిన వాళ్ళందరినీ సిగ్గుపరిచావు, వాడు బతికి మేమంతా చచ్చి ఉంటే నీకు ఇష్టంగా ఉండేదేమో అన్నాడు. యోవాబు మంచివాడేం కాదు, ఆ కొడుకును పొడిచింది అతనే. కానీ ఆ మాటలో న్యాయముంది. దావీదు లేచి వెళ్ళి జనం ముందు కూర్చున్నాడు. తండ్రి ఏడుపు నిజమే, అది ఎక్కడ, ఎవరి ముందు ఏడవాలో చూసుకోవాలన్నదీ నిజమే.

అందుకే ఘోరమైన నేరస్తుల అంత్యక్రియల విషయంలో సంఘాలు తడబడుతుంటాయి. క్యాథలిక్ చట్టంలో, బహిరంగంగా పాపంలో ఉండి, చావుకు ముందు పశ్చాత్తాపం ఛాయలేవీ చూపని వాళ్ళకు, విశ్వాసుల మనసు గాయపడే పరిస్థితి ఉంటే చర్చి అంత్యక్రియలు నిరాకరించాలని ఉంది. 2013లో నాజీ అధికారి ఎరిక్ ప్రీబ్కే నూరేళ్ళు బతికి రోమ్‌లో చనిపోయినప్పుడు ఆ నగర చర్చిలు అతని బహిరంగ అంత్యక్రియలకు ఒప్పుకోలేదు. పూడ్చనివ్వకపోవడం, ప్రార్థన చేయకపోవడం వేరు, గుడి నడిబొడ్డున గౌరవ వందనం ఇవ్వకపోవడం వేరు. మనవాళ్ళు రామాయణంలో వినే మాట ఇక్కడ గుర్తుకొస్తుంది. రావణుడికి సంస్కారాలు చేయడానికి విభీషణుడు వెనకాడితే, వైరం చావుతో సరి అని రాముడు చేయించాడు. రావణుడు మంచివాడని మాత్రం ఎవరూ అనలేదు.

క్షమాపణ సంగతి కూడా ఇక్కడే కలగాపులగం అవుతుంది. నేను క్షమించేశాను అని తనకేమీ కానివాడు ఉదారంగా ప్రకటించడం మనం చూస్తుంటాం. దెబ్బ తిన్నది నువ్వు కాదు కదా. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ జీపులో సజీవంగా కాల్చేశాక, హంతకుల్ని క్షమించానని చెప్పే హక్కు ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్‌కు ఉంది. ఆమె చెప్పింది. చట్టం తన పని తాను చేసుకుపోవాలని కూడా చెప్పింది. రెండూ ఒకే నోట.

రాఖీ విషయం ఒకటి మిగిలింది. 1995లో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ వెళ్ళే బస్సులో సిస్టర్ రాణి మరియాను ఒకడు కత్తితో పొడిచి చంపాడు. పేద ఆదివాసీ రైతుల్ని వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి తప్పిస్తోందన్నది ఆమె మీద కక్ష. 2002లో ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మీ జైలుకెళ్ళి ఆ హంతకుడికి రాఖీ కట్టింది. అతను కుమిలిపోయాడు, తర్వాత విడుదలయ్యాక ఆ కుటుంబాన్ని కలిసి క్షమాపణ అడిగాడు. 2017లో క్యాథలిక్ చర్చి రాణి మరియాను ధన్యురాలిగా, అంటే పునీతురాలి హోదాకు ముందు మెట్టులో, ప్రకటించిన సభకు కూడా వచ్చాడు. శంషాబాద్‌లో తుపాకీ చేతికి కట్టిన దారం, మధ్యప్రదేశ్ జైల్లో కత్తి చేతికి కట్టిన దారం. మొదటిదాన్ని కట్టిన ఆడవాళ్ళను తప్పు పట్టే యోగ్యత ఎవరికుంది? రెండోది సాధ్యపడింది మాత్రం ఆ హంతకుడు ఇంకా బతికుండబట్టే.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా హైదరాబాద్, సికింద్రాబాద్ చర్చిల్లో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. రెండో మాట వంతు వచ్చినవాళ్ళు ఆయన పక్కన సిలువ వేసిన ఇద్దరిలో కుడివైపు దొంగ గురించి చెబుతారు. అతను 'మనకైతే యిది న్యాయమే' అని తన శిక్షను ఒప్పుకుంటాడు, నన్ను జ్ఞాపకం చేసుకో అంటాడు, పరదైసు మాట పొందుతాడు. రెండో దొంగ మీద ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. అతను తిట్టాడు, ఆ తర్వాత సువార్తలో అతని సంగతి లేదు. యేసు అతనికి బదులు తిట్టలేదు, నీకు నరకమే అనలేదు. మన బోధకులు అతన్ని నరకానికి పంపేస్తుంటారు గానీ, లూకా పంపలేదు.

బస్తీలో నిజంగా ఇలాంటి చావు జరిగినప్పుడు పాస్టర్‌గారి ఫోన్ తెల్లవారకముందే మోగుతుంది. అయ్యగారూ, మట్టి చేయడానికి రండి అని. చచ్చినవాడి తల్లికి అతను రౌడీషీటర్ కాదు, కొడుకు. అదే సంఘంలో, రెండు వీధుల అవతల, అతని చేతిలో దెబ్బ తిన్న ఇల్లు ఉంటుంది. ఇందులో అనుభవమున్న పాస్టర్లు కొందరు ముందు ఆ రెండో ఇంటికి వెళతారు. ప్రసంగం చేయరు, క్షమించమని అడగరు. కుర్చీ వేస్తే కూర్చుని, నేను వాళ్ళింటికి వెళ్తున్నానమ్మా, మీరు వేరేవాళ్ళ నోట వినకూడదని చెప్పడానికి వచ్చాను అంటారు. ఆమె వెళ్ళమనొచ్చు, వెళ్ళొద్దనొచ్చు, ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత నారాయణగూడ సమాధుల తోటలో గుంట దగ్గర క్రమం ప్రకారం వాక్యం చదువుతారు, ప్రార్థన చేస్తారు, పిడికెడు మట్టి వేస్తారు. సాక్ష్యాలకు మాత్రం ఎవరినీ పిలవరు.